ముందు చిన్నపిల్లల బడి తెరవాలి

కరోనాతో బడులు మూతపడి ఉండగా, 2020 నవంబరు 9న తమిళనాడు ప్రభుత్వం తల్లిదండ్రులను బడులకు పిలిచి, ఆ నెల 16 నుంచి తొమ్మిది మొదలు పన్నెండు దాకా తరగతులు తెరవాలా అని అడిగింది. అభిప్రాయాలు చీలాయి. మూడు రోజులకే నిర్ణయం వాయిదా పడింది.

అడగడం మంచిదే. కానీ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న రాజపాళయం లాంటి నూలు మిల్లుల ఊళ్లో ఆ ప్రశ్న అన్ని ఇళ్లకూ ఒకటి కాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో షిఫ్టుకు వెళ్లిపోతే పిల్లకు పాఠం లేనట్టే. ప్రభుత్వ విద్యా చానల్ కల్వి టీవీ పాఠం చెప్పగలదు గానీ పలక మీద తప్పు దిద్దలేదు.

2021 జనవరి 19న పది, పన్నెండు తరగతులు మొదలయ్యాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు అదే ఏడాది నవంబరు 1 దాకా ఆగారు. వెనకబడ్డ చదువును అందుకోవడానికి ‘ఇల్లం తేడి కల్వి’ (ఇంటిని వెతుక్కుంటూ వచ్చే చదువు) అనే ప్రభుత్వ పథకం వాలంటీర్లు సాయంత్రాలు వీధుల్లో కూర్చోవాల్సి వచ్చింది.

మరో మహమ్మారి వస్తే, తగిన జాగ్రత్తలతో ఒకటో తరగతి గదినే ముందు తెరవాలి.