లీగ్ మారితే పిల్లాడి రోజు ఏమవుతుంది?



మొన్న పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయి నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి నన్నొక ప్రశ్న అడిగారు. "మేడమ్, మావాడికి బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. అమెరికాలో ఆడే పిల్లలకి ఫీజు లేకుండా చదువు చెప్తారట కదా! మా అన్నయ్య కొడుకు అరిజోనా స్టేట్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. వాళ్ల యూనివర్సిటీ వేరే లీగ్‌లోకి మారిందట. అది మంచికేనా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "చదివి చెప్తాను సార్" అన్నాను. చదివాక తెలిసిందేమిటంటే, ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. పిల్లల చదువు కోసం ఊరు మార్చే, స్కూలు మార్చే, దేశం మార్చే మనందరిదీ. అందుకే ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టింది ఒక పి.ఇ.టి. సారే. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేని విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే టీచరు జిమ్ బాల్కనీకి పీచ్ పళ్ల బుట్టలు కొట్టించి, 13 నియమాలు రాసి ఆడించాడు. అంటే ఇది పుట్టిందే విద్యార్థి కోసం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అమెరికాలో యూనివర్సిటీలు గుంపులు గుంపులుగా చేరి తమలో తాము ఆడుకుంటాయి. ఆ గుంపుని కాన్ఫరెన్స్ అంటారు. మన జోనల్ పోటీల్లాగే, మొదట్లో ఇవి దగ్గర దగ్గర ఊళ్ల మధ్య ఏర్పడ్డాయి. పడమటి తీరంలో ఉన్న పాక్-12 అలాంటిదే. దాని మూలాలు 1915లో ఉన్నాయి. జాన్ వుడెన్ కోచ్‌గా ఉండగా 1964 నుంచి 1975 మధ్య పదిసార్లు జాతీయ టైటిల్ గెలిచిన యు.సి.ఎల్.ఎ. జట్టు ఈ గుంపులోదే.

2022 జూన్ 30న యు.సి.ఎల్.ఎ., యు.ఎస్.సి. తాము బిగ్ టెన్‌లోకి వెళ్తున్నామని ప్రకటించాయి. ఆ తర్వాత ఏడాది పాటు పుకార్లే. ఇవాళ ఒకరు వెళ్తారని, రేపు కొత్త టీవీ ఒప్పందం వస్తుందని. 2023 జులైలో కొలరాడో వెళ్లిపోయింది. ఆగస్టు 4న ఒక్క రోజులో ఐదు యూనివర్సిటీలు వెళ్లిపోయాయి. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ ట్వెల్వ్‌కి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా కదిలాయి. పన్నెండులో మిగిలినవి ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రమే.

ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 యూనివర్సిటీలున్నాయి, బిగ్ ట్వెల్వ్‌లో 16. పసిఫిక్ సముద్రం పక్కనున్న స్టాన్‌ఫర్డ్ ఆడేది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో. ఈ లెక్క మా క్లాసులో చెప్తే పిల్లలు పడి పడి నవ్వారు. "మేడమ్, మేం ఇలా రాస్తే మీరు సున్నా వేస్తారు" అన్నాడొకడు.

ఇదంతా ఎందుకు జరిగింది? బాస్కెట్‌బాల్ కోసం కాదు, అమెరికన్ ఫుట్‌బాల్ కోసం. టీవీ డబ్బులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌దే. బిగ్ టెన్ 2022 ఆగస్టులో చేసుకున్న ఏడేళ్ల టీవీ ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్ల పైమాటేనని పత్రికలు రాశాయి. అంత డబ్బు ఎదురుగా ఉంటే భూగోళం పుస్తకం ఎవరు తెరుస్తారు?

నా అభ్యంతరం డబ్బు మీద కాదు. ఆ నిర్ణయం బరువు ఎవరి మీద పడింది అన్నదాని మీద.

ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్క మ్యాచ్ ఆడుతుంది, ఎక్కువగా శనివారం. సీజన్ మొత్తానికి 12 మ్యాచ్‌లు. బాస్కెట్‌బాల్ జట్టు నవంబరు నుంచి మార్చి దాకా దాదాపు 30 మ్యాచ్‌లు ఆడుతుంది. వారానికి రెండేసి, అందులో ఒకటి తరచుగా వారం మధ్యలో, అంటే క్లాసులు జరిగే రోజుల్లో. ఫుట్‌బాల్ కోసం లీగ్ మారితే, విమానాలెక్కి తిరిగేది ఎక్కువగా బాస్కెట్‌బాల్ పిల్లలు, వాలీబాల్ పిల్లలు.

లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. ఇప్పుడు న్యూజెర్సీలోని రట్గర్స్‌తో లీగ్ మ్యాచ్ ఆడాలి. ఒకవైపు దూరమే దాదాపు 4,000 కిలోమీటర్లు. మనం హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగి వచ్చినా అంత కాదు. పైగా గడియారంలో మూడు గంటల తేడా. 2025 జనవరిలో అక్కడ ఓడిపోయాక యు.సి.ఎల్.ఎ. కోచ్ మిక్ క్రోనిన్ ఈ ప్రయాణాల గురించి బహిరంగంగానే వాపోయారు. మూడు వారాల్లో రెండుసార్లు స్టాట్యూ ఆఫ్ లిబర్టీని చూడాల్సి వచ్చిందన్నారు.

ఆటగాళ్ల మీద భారం పడకుండా జాతీయ క్రీడా సంఘం ఎన్.సి.ఎ.ఎ. ఒక నియమం పెట్టింది. సీజన్‌లో ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. చూడ్డానికి బాగుంది. కానీ ప్రయాణం ఆ 20 గంటల్లోకి రాదు! ఎయిర్‌పోర్టులో కూర్చుని అసైన్‌మెంట్ రాసుకునే పిల్లాడి గంటలు ఎవరి లెక్కలోనూ లేవు. ఆ తండ్రిగారి ప్రశ్నకి నా జవాబులో మొదటి సగం ఇదే. అరిజోనా స్టేట్ మారిన లీగ్‌లో ఫ్లోరిడా జట్టు ఉంది, వెస్ట్ వర్జీనియా జట్టూ ఉంది. యూనివర్సిటీకి మంచిదే కావచ్చు. మీ అబ్బాయి బుధవారం క్లాసుకి మంచిదా అన్నది వేరే ప్రశ్న.

మీలో కొందరు అనొచ్చు: "డబ్బు వస్తే పిల్లలకే కదా వసతులు." నిజమే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇన్నేళ్లుగా చెమటోడ్చిన పిల్లలకి వాటా రావడం న్యాయమే. కానీ ప్రొఫెషనల్ ఆటదాకా వెళ్లేది నూటికి ఒకరిద్దరే. మిగతావాళ్లకి చివరికి మిగిలేది డిగ్రీయే. ఆ డిగ్రీకి కావలసిన నిద్ర, క్లాసు, స్నేహితులు ఏ కాన్ఫరెన్స్ పేరులోనూ ఉండవు.

ఇక పేరు పోయినవాళ్ల కథ. నాకు బాగా నచ్చింది ఇదే. ఒరెగాన్ స్టేట్ మహిళల జట్టు 2024 మార్చిలో జాతీయ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిది జట్ల దాకా వచ్చింది. వాళ్ల లీగ్ కూలిపోతున్న ఏడాదే అది. సీజన్ అయిపోగానే జట్టులోని ముఖ్యమైన అమ్మాయిలు చాలామంది వేరే యూనివర్సిటీలకి వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టలేం, ఎవరి భవిష్యత్తు వాళ్లది. మిగిలినవాళ్లు, కొత్తవాళ్లు కలిసి వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే చిన్న లీగ్‌లో ఆడారు. కోచ్ స్కాట్ రూక్ మాత్రం కదల్లేదు. ఆయన అదే యూనివర్సిటీలో చదువుకున్నవాడు, 2010 నుంచి అక్కడే ఉన్నాడు. 2025 మార్చిలో ఆ జట్టు తన లీగ్ టోర్నమెంట్ గెలిచి మళ్లీ జాతీయ టోర్నమెంట్‌కి వెళ్లింది. బోర్డు మీద పేరు చిన్నదైంది. నేర్పేవాడు అక్కడే ఉన్నాడు.

ఇంకో ఉదాహరణ తూర్పు తీరంలోది. యూకాన్ అని పిలిచే కనెక్టికట్ యూనివర్సిటీ ఉన్న బిగ్ ఈస్ట్ 2013లో చీలిపోయింది. యూకాన్ వేరే లీగ్‌లో మిగిలింది. నిజం చెప్పాలంటే అక్కడ మొదటి ఏడాదే, 2014లో, పురుషుల జాతీయ టైటిల్ గెలిచింది. కానీ తర్వాతి ఏళ్లలో దూరపు ఊళ్లు, పరిచయం లేని ప్రత్యర్థులు, తగ్గిన ఉత్సాహం. చివరికి ఆ లీగ్‌కి 1 కోటీ 70 లక్షల డాలర్లు కట్టి మరీ 2020లో పాత ఇంటికి తిరిగి వచ్చింది. ఫుట్‌బాల్‌ని ఏ లీగ్ లేకుండా విడిగా ఆడించుకోవడానికి కూడా సిద్ధపడింది. 2023, 2024లో వరుసగా రెండు టైటిళ్లు గెలిచింది. ఇంటికి రావడం వల్లే గెలిచిందని నేననను. పెద్దదానికంటే తగినది ఎంచుకోవడం ఓటమి కాదని మాత్రం అంటాను.

ఇక్కడ పుకార్ల గురించి ఒక మాట. పుకార్లు నమ్మకండి అని చెప్పడం తేలిక. కానీ పాక్-12 విషయంలో పుకార్లే నిజమయ్యాయి, పెద్దల హామీలే నిలబడలేదు. కాబట్టి చెవులు మూసుకోమని చెప్పను. పుకారు ఎప్పుడూ పేరు గురించే చెప్తుంది: ఎవరు ఎక్కడికి మారుతున్నారు, ఏది పెద్దది. పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో అది చెప్పదు. అది మనమే అడగాలి.

ఇదే ప్రశ్న మన ఊళ్లోనూ వర్తిస్తుంది. అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు వాట్సాప్ గ్రూపుల్లో మొదలవుతుంది. ఫలానా బ్రాంచిలో కొత్త బ్యాచ్ పెడుతున్నారట, ఫలానా సార్ వెళ్లిపోతున్నారట. మారడం తప్పు కాదు. మారేముందు మూడు ప్రశ్నలు అడగండి. మీ పాప బస్సులో ఎన్ని గంటలు కూర్చోవాలి? రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది? తనకి నేర్పేది ఎవరు, వాళ్లు వచ్చే ఏడాది ఉంటారా? ఈ ప్రశ్నలు మమ్మల్ని కూడా అడగండి. అడిగితే మాకు కోపం రాదు. రాకూడదు కూడా.

ఒక తప్పు ఒప్పుకుని ముగిస్తాను. పోయిన ఏడాది సిలబస్ మిగిలిపోయిందని పి.ఇ.టి. సార్ దగ్గర మూడు వారాలు ఆటల పీరియడ్ అడిగి తీసుకున్నాను. పిల్లలు కిక్కురుమనలేదు. నా సౌకర్యం కోసం నేను చేసిన నిర్ణయం బరువు మోసింది వాళ్లే. నైస్మిత్ బుట్ట కట్టించింది పిల్లల కోసం అని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

ఈ ఏడాది ఆ పీరియడ్ జోలికి వెళ్లను. వెళ్తే మీ పిల్లలు ఇంటికొచ్చి చెప్తారు. చెప్పినప్పుడు దయచేసి నన్ను అడగండి.