కనిపించని పాత కంప్యూటర్లు

సూరత్ నగరం నుండి హజీరా రేవుకు పోయే దారిలో ఇచ్ఛాపూర్ ఉన్నది. రత్నాభరణాల పార్కు, కర్మాగారాలు గల ప్రాంతమది. దేశంలోని ఏ పారిశ్రామిక వాడకైనా తప్పని చిక్కు ఒకటి అక్కడి కార్యాలయాలకూ తప్పదు. కొత్త కంప్యూటర్లు వస్తాయి. కాని కొలిచే యంత్రానికో, కోసే యంత్రానికో జతపడిన పాత కంప్యూటర్ విండోస్ ఎక్స్.పి.తోనో, విండోస్ 7తోనో ఒక మూల పని చేస్తూనే ఉంటుంది. దానిని మార్చాలంటే యంత్రాన్నే మార్చవలసి రావచ్చు. అటువంటి కంప్యూటర్ పేరు ఒకనాడు కొత్త కంప్యూటర్లలోని నెట్‌వర్క్ జాబితాలో కనబడదు. తీగ సరిగానే ఉన్నది, దీపం వెలుగుతూనే ఉన్నది. పేరు మాత్రం మాయమైనది.

ఇక్కడ మొదట గ్రహించవలసినది, కనిపించడం వేరు, అందుబాటులో ఉండడం వేరు అన్న సంగతి. పూర్వపు పద్ధతిలో ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ తమలో ఒకదానిని ఎన్నుకొని పేర్ల పట్టిక రాసే బాధ్యతను దానికి అప్పగించేవి. ఆ ఎన్నిక నిజంగా ఎన్నికే. ఓట్ల బదులు విండోస్ రకాన్ని, హోదాను బట్టి గెలుపు నిర్ణయమయ్యేది. ప్రతి కంప్యూటర్ 12 నిమిషాలకొకసారి తన ఉనికిని చాటుకోవాలి. వరుసగా మూడుసార్లు చాటకపోతే పేరు కొట్టివేస్తారు. అందువల్ల ఆపివేసిన కంప్యూటర్ పేరు చాలాసేపు పట్టికలో నిలిచి ఉండేది. అప్పుడే తెరచినది వెంటనే కనిపించేది కాదు. కొత్త పద్ధతి డబ్ల్యు.ఎస్. డిస్కవరీ. ఇది విస్టాతో వచ్చింది. విండోస్ 7కు ఈ పద్ధతి తెలుసు, ఎక్స్.పి.కి తెలియదు. పాత పట్టికేమో ఎస్.ఎం.బి. 1 అనే పాత భాషపై ఆధారపడినది. 2017 అక్టోబరులో వెలువడిన విండోస్ 10 రూపం నుండి ఆ భాషను క్రమంగా తొలగిస్తూ వచ్చారు.

హోం, ప్రొఫెషనల్ రకాలలో ఆ తొలగింపు విచిత్రంగా జరిగింది. ఆ భాషతో 15 దినాలు పని పడకపోతే అది తనంతట తానే తొలగిపోయేది. కంప్యూటర్ నడిచిన కాలమే లెక్క. దీపావళికి సూరత్ వ్యాపారమంతా సెలవు తీసుకున్నప్పుడు ఆపి ఉంచిన రోజులు లెక్కలోనికి రావు. కాని పాతది మరమ్మతులో ఉండి కొత్తది పని చేస్తూ ఉంటే ఆ గడువు ఇట్టే తీరిపోతుంది. "నిన్నటి వరకు బాగానే ఉన్నది" అనే ఫిర్యాదుకు ఒక కారణమిదే.

పరీక్ష ఇలా సాగాలి. జాబితాను పక్కనపెట్టి, బ్యాక్‌స్లాష్ గుర్తులు రెండు, వాటి వెంట పాతదాని ఐ.పి. చిరునామా కొట్టి చూడాలి. ఫోల్డర్లు తెరుచుకుంటే లోపం జాబితాలోనిదే. చిరునామాతో తెరుచుకొని పేరుతో తెరుచుకోకపోతే పాతదానికి మారని చిరునామా ఒకటి ఇచ్చి, కొత్తదానిలో హోస్ట్స్ అనే ఫైలులో ఆ పేరు రాసుకుంటే సరిపోతుంది. పింగ్‌కు జవాబు రానంత మాత్రాన నిరాశ పడనక్కరలేదు, ఎక్స్.పి. ఫైర్‌వాల్ ఆ పలకరింపును పట్టించుకోకుండా చేసి ఉండవచ్చు. విండోస్ 7 కనిపించనప్పుడు నెట్‌వర్క్‌ను పబ్లిక్ అని గుర్తించినదేమో చూసి, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సర్వీసును నడిపిస్తే సాధారణంగా పేరు తిరిగి వస్తుంది. ఎక్స్.పి. విషయం అంత తేలిక కాదు. ఎస్.ఎం.బి. 1 అవసరమని, అది సురక్షితం కాదని తెరపై హెచ్చరిక వస్తుంది.

ఆ హెచ్చరిక ఊరికే పెట్టినది కాదు. 2017 మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచంపై పడి, 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, ఒక్కొక్క దానికి 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు స్తంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో పలు పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. అది ఎస్.ఎం.బి. 1 లోని లొసుగు గుండా ఒక కంప్యూటర్ నుండి మరొక దానికి పాకింది. ఆ లొసుగుకు మందు రెండు మాసాల ముందు, మార్చి 14ననే వచ్చింది. వేసుకోనివారే నష్టపోయారు. కాలం తీరిన ఎక్స్.పి.కి సైతం మైక్రోసాఫ్ట్ మే 13న ప్రత్యేకంగా మందు విడుదల చేసింది.

కనుక తొందరపడి కార్యాలయమంతటా పాత భాషను తిరిగి పెట్టడం అవివేకం. అందులో క్లయింట్, సర్వర్ అని రెండు భాగాలున్నాయి. ఇతరుల ఫైళ్ళు తెరవడానికి క్లయింట్ చాలు. తన ఫైళ్ళు ఇతరులకు ఇచ్చేది సర్వర్. వానాక్రై దూరినది ఆ ద్వారం గుండానే. అందుచేత ఒకే ఒక కొత్త కంప్యూటర్‌లో క్లయింట్ భాగాన్ని మాత్రమే పెట్టి, కొత్తదే పాతదాని వద్దకు పోయి ఫైళ్ళు తెచ్చుకునే ఏర్పాటు కొంత మేలు. పాతదానికి ఆ మందు వేసి, గేట్‌వే గడి ఖాళీగా ఉంచి, ఇంటర్నెట్ పొంత లేకుండా చేయాలి.

ఇంతకంటె మంచిది, రెండు నెట్‌వర్క్ కార్డులున్న లినక్స్ కంప్యూటర్‌ను మధ్యవర్తిగా ఉంచడం. ఒక కార్డు పాతదానికి, ఒకటి కార్యాలయానికి. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990 దశకం ఆరంభంలో మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత ప్రోగ్రాం అటు పాత భాష, ఇటు కొత్త భాష మాట్లాడగలదు. 2019 నుండి అది కూడ పాత భాషను మూసియే ఉంచుతున్నది. కనుక పాతదానివైపు ఒక సాంబాను, కార్యాలయం వైపు వేరొకదానిని విడివిడిగా నడపాలి.

2024లో వచ్చిన విండోస్ 11 రూపంతో మరొక చిక్కు తోడైనది. సంకేతపదం లేకుండా పంచుకున్న ఫోల్డర్లను అది తెరవనీయదు. విండోస్ 7 కంప్యూటర్ జాబితాలో చక్కగా కనిపిస్తూ, నొక్కితే తెరుచుకోనప్పుడు కొత్తదాని నియమాలను సడలించకుండా, పాతదానిలో ఒక వాడుకరి పేరు, దానికొక సంకేతపదం సృష్టించి చూడాలి. అది పది నిమిషాల పని.