విన్నంతలో: పోయినవాడి వరస

పోయిన నెల ఈ శీర్షికలో వీణను గురించి ముచ్చటించాను. ఈ నెల రాసేది చదివి పెద్దలు కోప్పడవద్దని ముందే మనవి. తప్పు మా మనమడిది. వాడు వింటున్న రికార్డును చూసి "ఏమిటిరా ఆ గొడవ?" అని విసుక్కున్నాను. "అరగంట కూర్చుని విను తాతయ్యా, తరవాత తిడుదువుగాని" అన్నాడు. కూర్చున్నాను.

అది అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు బృందం. పేరు ఎథీస్టు, అంటే నాస్తికుడు. ఆ మాట వినగానే మా ఆవిడ దేవుడి గది తలుపు దగ్గరగా వేసింది. రికార్డు పేరు 'అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్'. 1991లో, టాంపా నగరంలోని మారిసౌండ్ స్టూడియోలో తయారయింది. పాటలు 8. ఈ జాతి సంగీతాన్ని డెత్ మెటల్ అంటారట.

కెల్లీ షేఫర్ గానంలో రాగం వెదకవద్దు. గొంతు చించుకుని అరవటమే అక్కడి పద్ధతి. దానిని పక్కనపెట్టి వాద్యాల మీద చెవి నిలిపాను. రెండు విద్యుత్ గిటార్లు రంపంలా కోస్తున్నా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినిపిస్తుంది. స్టీవ్ ఫ్లిన్ డ్రమ్ములు ఒకే నడకను పట్టుకుని కూర్చోవు. నాలుగు లెక్కన సాగుతున్నది ఉన్నట్టుండి బేసి లెక్కకు మళ్ళుతుంది. తొడ మీద తాళం వేయబోయి మూడుసార్లు తప్పాను. మిశ్రచాపు ఎరిగిన మనకు బేసి లెక్క కొత్త కాదు. కాని మన కీర్తనలో ఎత్తుకున్న తాళం చివరిదాకా నిలుస్తుంది. వీరికి మాటిమాటికీ మారుతుంది. అయినా అందరూ ఒక్క దెబ్బ మీదనే కలుస్తారు. గట్టి సాధన లేనిదే ఇది కుదరదు సుమండీ.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది బేసు గిటారు. మామూలుగా అది అడుగున ఉండి తక్కిన వాద్యాలను మోస్తుంది. ఇక్కడ జాజ్ ఫక్కీలో తన దారిన తాను పరుగెత్తి మళ్ళీ వచ్చి కలుస్తుంది.

"ఎవరురా ఇతను?" అన్నాను. అప్పుడు చెప్పాడు కథ. ఆ వరసలు కూర్చినవాడు రోజర్ పాటర్సన్. 1991 ఫిబ్రవరిలో కచేరీల యాత్ర ముగించుకుని తిరిగివస్తూ వాహన ప్రమాదంలో పోయాడు. రికార్డింగు ఇంకా జరగనేలేదు. మిత్రులు పని మానుకోలేదు. సినిక్ అనే మరో బృందపు వాద్యకారుడు టోనీ చాయ్‌ని పిలిచారు. అతను ఆ వరసలు నేర్చుకుని వాయించాడు. పాటర్సన్ స్వయంగా వాయించిన నమూనాలు తరవాతి ముద్రణలో చేర్చారు. రెండూ విన్నాను. వేళ్ళు వేరు, వరస అదే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘం ఆరాధనోత్సవాలలో ఏళ్ళ తరబడి మృదంగం వాయించిన మిత్రుడు పోయినప్పుడు, ఆయన శిష్యుణ్ణి కూర్చోబెడదామని అందరూ అన్నారు. "ఆయన చోట ఇంకొకరా?" అని అడ్డుపడినవాణ్ణి నేనే. ఆ ఏడు మృదంగం లేకుండానే పాడుకున్నాం. అదే మర్యాద అనుకున్నాను. గురువు నేర్పిన చేతిని ఊరికే కూర్చోబెట్టానని ఇప్పుడు తోస్తున్నది.

వచ్చే పుష్య బహుళ పంచమికి తప్పక రావాలని ఆ అబ్బాయికి నిన్ననే కబురు పంపాను.