ఉపగ్రహ ప్రసారములు – ఇంటి కంప్యూటర్లు

మన విద్యార్థులలో పలువురి యిండ్లపై నేడు డిష్షు కలదు. కొందరి యిండ్లలో కంప్యూటర్లు రెండును మూడును గలవు. ఐనను డిష్షునుండి దిగిన తీగ హాలులోని టెలివిజనుతో ఆగిపోవుచున్నది. దాని యెదుట తండ్రిగారు వార్తలు చూచుచుండగా పదవ తరగతి కుమారుడు తన పాఠమును చూచుటకు వీలులేదు. ఈ చిక్కునకు పరిహారము ఇరువది యేండ్లకు పైగా లోకమున నున్నను, మనవారు దాని నెరుగక రెండవ డిష్షునకో, మరియొక సెల్‌ఫోనునకో డబ్బు వెచ్చించుచున్నారు. ఇది యనవసర వ్యయమని నా యభిప్రాయము.

ఆ పరిహారమును కనిపెట్టినవారు విద్యార్థులు. పారిస్ నగర సమీపమున నుండిన ఎకోల్ సాంత్రాల్ అను ఇంజనీరింగు కళాశాలలో, వసతిగృహముల నెట్‌వర్కును విద్యార్థులే నడపుకొనుచుండిరి. అది మిక్కిలి మందగతి గలదగుటచే క్రొత్తదానిని కోరిరి. ధనము కావలెనన్న గొప్ప ప్రయోజన మొకటి చూపవలెను గదా! గదికొక డిష్షు, గదికొక పెట్టె పెట్టుటకు మారుగా, ఒక్క డిష్షుతో ప్రసారములను పట్టి నెట్‌వర్కు ద్వారా ప్రతి కంప్యూటరునకు పంపవచ్చునని వారు తలపెట్టిరి. 1996 లో వీడియోల్యాన్ అను పేర ఆ పని మొదలయ్యెను. పంపు భాగమునకు సర్వరనియు, చూపు భాగమునకు క్లయింటనియు పేళ్లు. 2001 లో కళాశాలవారి యనుమతితో అది స్వేచ్ఛా లైసెన్సు క్రింద లోకమునకు ఈయబడెను. మన కంప్యూటర్లలో నారింజవన్నె శంకువు గుర్తుతో కనబడు వి.ఎల్.సి. ఆ క్లయింటు సంతతియే. (అట్టి శంకువులను దారి మరమ్మతు చేయువారు రోడ్డుపై నిలుపుదురు. అవి విద్యార్థుల గదులకెట్లు చేరినవో నేను విచారింపను.)

ఉపగ్రహము 35,786 కిలోమీటర్ల యెత్తునుండి పంపు ప్రసారమును డిష్షు పట్టి, కంప్యూటరులో నమర్చిన ట్యూనరు కార్డునకు అందించును. అది 188 బైట్ల చిన్న పొట్లములుగా వచ్చును. ఇంటి నెట్‌వర్కు ఒక్కసారికి సామాన్యముగా మోయునది 1500 బైట్లు. ఏడు పొట్లములైన 1316. ఎనిమిదైన 1504, పట్టవు. కావున ఏడేసి చొప్పున కట్టి పంపుదురు. ఆరవ తరగతి బాలుడు చేయదగిన లెక్కయే. చిత్రమును మరల తయారుచేయక వచ్చినదానిని వచ్చినట్లే సాగనంపుటచే, మూలబడిన పాత కంప్యూటరైనను ఈ పనికి చాలును.

ఇంటిలో మూడు కంప్యూటర్లకు ఏ చిక్కును లేదు. పాఠశాలలో ముప్పది యున్నవనుకొందము. ఒక్కొక్కదానికి సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున వేరువేరుగా పంపిన 120 అగును. పాత తీగ మోయునది 100 మాత్రమే. మల్టీకాస్టు పద్ధతిని పంపితిమేని సర్వరునుండి బయలుదేరునది 4 మాత్రమే. అయిదు రొట్టెల వృత్తాంతము కొందరికి జ్ఞప్తికి రావచ్చును గాని, ఇచ్చట నద్భుతమేమియు లేదు. తగిన స్విచ్చి యున్నచో, అడిగిన తీగలకు మాత్రము అది ప్రతులు తీసి యిచ్చును. వైర్‌లెస్సును మాత్రము నమ్మరాదు. మా యింట మొదట దానితోనే పంపి చూచితిని. చిత్రము గళ్లుగళ్లుగా విరిగిపోయెను. వైర్‌లెస్సులో మల్టీకాస్టు సాధారణముగా తక్కువ వేగమున పోవును. జారిన పొట్లమును మరల పంపుటయు లేదు. తీగ వేసిన వెంటనే చిత్రము కుదుటబడెను.

ఇంటర్నెట్టులో అన్నియు దొరకుచుండగా ఇదంతయు ఏలయని ఉపాధ్యాయ మిత్రు డొకరు ప్రశ్నించిరి. ఇంటర్నెట్టున ముప్పదిమంది చూచిన ముప్పది మార్లు దిగవలెను. దానికి నెలనెల చెల్లింపు. ఆకాశమునుండి వచ్చునది ఒక్కరు చూచినను వేయిమంది చూచినను ఒక్కటే. జోరువాన కురిసినపుడు అది తెగిపోవుట నిజము. ఇంటర్నెట్టును మన యూరిలో వానకు నిలుచుట నే నెరుగను. రుసుము చెల్లించి చూడవలసిన ఛానళ్ల గూఢలిపిని ఛేదించుటయు, ఒకరి చందాతో పది యిండ్లకు పంచుటయు మాత్రము దొంగతనమే. ఉచిత ప్రసారములే మనకు చాలును. 2020 లో ప్రకటింపబడిన పి.యం. ఇ-విద్య పథకమున 1 మొదలు 12 వరకు తరగతికొక ఛానలు ఏర్పడెను.

నన్ను నిజముగా కలవరపరచు ఆక్షేపణ వేరు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము, అమెరికావారి ఏ.టి.యస్.-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములకు ప్రసారములు జరిగెను. వానిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి; పాఠములు తెలుగునను వచ్చెను. ఊరికొక్క పెట్టె. పిల్లలును పెద్దలును దానిముందు గుమిగూడి చూచుచుండిరి. నేడు గదికొక తెర పెట్టి, ఒకే యింటివారిని నలుగురిని నాలుగు మూలలకు చేర్చుట మేలా? మేలని నే ననజాలను. అందుచే మా యింట రెండవ కంప్యూటరును పడకగదిలో గాక భోజనపు బల్ల ప్రక్కనే యుంచితిని. పిల్లవాడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని పాఠము వినును. ఏమి చూచుచున్నాడో అందరికిని కనబడును. ఈ యేర్పాటు వానికి నచ్చలేదు. మార్చుటకు నేను సమ్మతింపలేదు.

మన వసతిగృహమున డెబ్బదిమంది బాలురకు టెలివిజను ఒక్కటే. సాయంకాలము ఎనిమిదవ తరగతివారి పాఠమా, పదవ తరగతివారి పాఠమా యని జగడము. తుదకు చూచునది క్రికెట్టు. ప్రక్క గదిలో కంప్యూటర్లు గుడ్డలు కప్పుకొని యున్నవి. మేనేజిమెంటువారు ఒక డిష్షును, రెండు ట్యూనరు కార్డులను కొనిపెట్టినచో చాలును. ఒక కార్డు ఒక ట్రాన్స్‌పాండరును మాత్రమే పట్టును గనుక రెండు కోరితిని. తీగలు వేయు పని తొమ్మిదవ తరగతి బాలురకే అప్పగింప వలెనని నా మనవి. వేసవి సెలవులలో ఒక వారము నేను దగ్గరనుండి చూచుకొందును. నిచ్చెన స్టోరు గదిలో కలదు.