కొలిపించిన పిమ్మటనే కొనుడు



రవికగుడ్డ కొనునపుడు మనము అంగడివాని గజముబద్ద మీదనుండి చూపు మరల్చము. బంగారమును గీటురాతిపై గీయింపక గైకొనము. అట్టి మనమే, జన్మమున కొక్కమారు కొను ఇంటిని మాత్రము గోడల రంగును, అమ్మువాని మాటతీరును చూచి కొనుచున్నాము. ఇది వింత కాదా?

మా బంధువులలో నొకామె చేవెళ్ళ మార్గమున ఆలూరు చేరువను చిన్న యిల్లు గల స్థలమును కొనినది. భర్తకు పదవీవిరమణమున వచ్చిన సొమ్ము చాలక తన గాజులు కూడ అమ్మినది. పత్రమున 242 చదరపు గజములు, అనగా రెండు గుంటలు, అని యున్నది. ప్రహరీ కట్టింపబూనిన దినమున పొరుగు రైతు వచ్చి, "అమ్మా, ఈ పునాది మా చెలకలోనికి వచ్చినది" అని నెమ్మదిగా చెప్పెను. సర్వేయరును పిలిపించి కొలిపింపగా నామెకు దక్కినది 200 గజములకు లోపే! రైతు అసత్యమాడలేదు. అమ్మినవాడు నేలను కొలువక, కాగితముపై ముక్కలు చేసి అమ్మినాడు. ఆ కొలత బయానా ఇచ్చుటకు ముందు జరిగియుండిన, ఆమె గాజులు ఆమె చేతికే యుండెడివి.

దస్తావేజు స్థలము ఎవరిదో చెప్పును. ఎచ్చట నున్నది, ఎంత యున్నది అను సంగతి కొలతయే తేల్చవలెను. 33 అడుగుల చతురస్రము ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. ఈ లెక్క ప్రతి గృహిణియు నేర్వదగినది. పూర్వము 66 అడుగుల గొలుసుతో కొలిచెడివారు. నేడు ఉపగ్రహ సంకేతములను గ్రహించు యంత్రములు వచ్చినవి.

కావున బయానాకు ముందే లైసెన్సు గల సర్వేయరును పిలువుడు. గ్రామ నక్షాను, ఆ సర్వే నంబరు టిప్పనును చేత నుంచుకొని, హద్దురాళ్ళను వెదకి కొలువవలెను. పొరుగువారిని పిలిచి, వారి యెదుటనే కొలిపించి, పటముపై సంతకములు గైకొనుడు. సేత్వారును, 1954-55 నాటి ఖాస్రా పహాణీని, ఈసీని న్యాయవాదికి చూపుడు. 2025 ఏప్రిలు 14న ప్రారంభమైన భూభారతి విధానము సాగుభూముల క్రయమునకు కొలతపటమును జతచేయు పద్ధతిని ఉద్దేశించినది. ఇండ్లస్థలము కొనువారును ఆ పద్ధతిని తామై పాటించుట మేలు.

ఈ ప్రాంతమున మరి రెండు విషయములు విచారింపవలెను. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఇచ్చటికి సమీపముననే యున్నవి. వాని రక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ ఉత్తరువు మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి, శంషాబాదు మొదలగు మండలములలోని 84 గ్రామములలో కట్టడములకు కట్టుబాట్లు విధించెను. 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు వానిని సడలించెను. మీరు కొను సర్వే నంబరునకు ఏ నియమము వర్తించునో, అది చెరువు శిఖము క్రిందికి వచ్చునో రాదో అధికారులచే వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. రెండవది రహదారి. అప్పా కూడలినుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణమున మీ ముంగిలి ఎంత పోవునో ముందే చూడవలెను.

కట్టిన యిల్లయినచో ఇంజనీరును కూడ తోడ్కొని పొండు. ఇంగ్లండులో ఇల్లు కొనువారు నిపుణునిచే పరీక్షింపించుట వాడుక. క్రొత్త సున్నము క్రింద పగుళ్ళు దాగియుండవచ్చును. వాన వెలిసిన మరునాడు స్లాబు అడుగుభాగమును, గోడల మొదళ్ళను చూచిన చెమ్మ తానే బయటపడును. ఇంటిని అనుమతి పొందిన ప్లానుతో సరిచూచుట మరువకుడు.

ఈ ఖర్చు దండుగ యని మగవారు విసుగుకొనవచ్చును. ఇంటి వెలలో నిది యెన్నవ వంతో లెక్కవేసి చూపుడు. కొలుచుచుండగా మీరును దగ్గర నిలువుడు. నాలుగు మూలల రాళ్ళను మీ కన్నులతో చూడుడు. కొలుచుటకు ఒప్పుకొనని వాని వద్ద కొనకుడు. పటము చేతికి వచ్చిన పిమ్మటనే గాజులపెట్టె తెరువుడు.