పేస్లిప్పులో ఆ రెండొందలు ఎవరికోసం?

ఆదాయపు పన్ను దేశమంతా ఒక్కటే అంటారు. ఆదిలాబాద్‌కైనా అమృత్‌సర్‌కైనా అవే శ్లాబులు, అవే రేట్లు. మాట నిజమే. మరి ఒకే జీతానికి కొలువులో చేరిన ముగ్గురు, హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు, గుర్గావ్‌లో ఒకరు, నెలాఖరుకు ఒకే మొత్తం ఇంటికి ఎందుకు తీసుకుపోవడం లేదు?

పేస్లిప్పు తీసి చూడండి. పీఎఫ్ కోత కింద ఎక్కడో ‘పీటీ’ అని రెండక్షరాలు, పక్కన 200. అదే వృత్తిపన్ను. జీతం మీద రాష్ట్రాలు తమ చేత్తో గుంజుకునే పన్ను ఇదొక్కటే.

నెలకు 24 వేల జీతం అనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి 2,400 రూపాయలు పోతాయి. బెంగళూరులో పైసా పోదు. కర్ణాటక 2023 ఏప్రిల్ నుంచి 25 వేల లోపు జీతగాళ్లను ఈ పన్ను నుంచి వదిలేసింది. గుర్గావ్, నోయిడా, ఢిల్లీలో అసలు ఈ పన్నే లేదు. మహారాష్ట్ర 25 వేల లోపు జీతమున్న మహిళలను మినహాయించింది (మగవాళ్లను మాత్రం ఏడున్నర వేలు దాటగానే పట్టుకుంటుంది, అది వేరే సంగతి).

మన దగ్గర 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200. అంతే, ఇక పెరగదు. అంటే 20,001 రూపాయల జీతగాడి మీద ఒక శాతం. రెండు లక్షలు తీసుకునే దొర మీద 0.1 శాతం. ఇది ఏ న్యాయం?

2025 బడ్జెట్‌లో 12 లక్షల ఆదాయం దాకా కొత్త విధానంలో ఆదాయపు పన్ను లేదని కేంద్రం చెప్పింది, పేపర్లన్నీ పండుగ చేశాయి. నెలకు లక్ష సంపాదించేవాడు ఆదాయపు పన్ను కట్టనక్కర్లేని దేశంలో, 16 వేల జీతమున్న ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు వృత్తిపన్ను కడుతున్నాడు! పైగా పాత విధానంలో వృత్తిపన్నును ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్కగట్టేవారు. కొత్త విధానంలో అదీ లేదు. పన్ను పడే జీతమైతే, చేతికి రాని ఆ 2,400 మీద కూడా పన్ను కట్టాలి.

ఇంటద్దె మినహాయింపులోనూ మనకు చిన్నచూపే దక్కింది. 1962 నాటి నిబంధనల్లో ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలకు జీతంలో 50 శాతం వరకు, మిగతా ఊళ్లకు 40 శాతం వరకు. మాదాపూర్‌లో అద్దెలు మండిపోతున్నా దశాబ్దాల పాటు ఆ లెక్కలో హైదరాబాద్ కూడా ఒక మామూలు ఊరే. దానికి ఢిల్లీని అనొచ్చు.

వృత్తిపన్నుకు అనలేం. అది ఉమ్మడి రాష్ట్రం 1987లో చేసిన చట్టం. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాక పేరు మార్చుకుని అదే చట్టాన్ని నడుపుతున్నాం. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. రాష్ట్రం వచ్చాక సర్కారు ఉద్యోగులకు తెలంగాణ ఇంక్రిమెంట్ ఇచ్చారు, మంచిదే. అదే రోడ్ల మీద మాతోపాటు నిలబడ్డ ప్రైవేటు బడి టీచరుకు, సెక్యూరిటీ గార్డుకు ఏమొచ్చింది?

ఖజానాకు నష్టం అంటారు. లక్షల జీతాల మీద ఎక్కువ వేయలేమనీ అంటారు. వేయలేరు, నిజమే. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 దాటనివ్వదు. 250 ఉన్న ఆ పరిమితిని 1988లో 60వ సవరణతో పెంచారు, ఆ తర్వాత కదల్లేదు. దాన్ని సవరించమని ఢిల్లీతో కొట్లాడండి, వద్దన్నదెవరు? కింది జీతగాళ్లను వదలడానికి మాత్రం ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కన్నడ సర్కారు చేసింది మన సర్కారుకు చేతకాదా?

పీఆర్సీ కోసం, డీఏ బకాయిల కోసం ఇచ్చే ప్రతి మెమొరాండంలో 25 వేల మినహాయింపును కూడా సంఘాలు రాయాలి. రాయకపోతే సభల్లో లేచి అడగండి. ఈ మినహాయింపుతో సంఘాల నాయకులకు పైసా లాభం లేదు, అందుకే వాళ్లకు ఇది గుర్తుకు రావడం లేదు.