మాట పడిపోయిన మతి పోయినట్లేనా?

పక్షవాతము తగిలి యింటిపెద్దకు మాట పడిపోయినంతనే మతియు పోయినదని తీర్మానించుట రాజోలు మొదలు కొత్తపేటవఱకు మన కోనసీమ యిండ్లలో నొక యాచారమైనది. నిన్నటివఱకు కొబ్బరితోట లెక్కలన్నియు నోటనే చెప్పిన యజమానుని యెదుటనే, అతడచట లేనట్లుగా, పంపకములు మాటలాడుకొందురు. ఇల్లాలికి మాట పడెనా, తాళపుచెవుల గుత్తి నాటినుండి మఱొకరి నడుమున వ్రేలాడును. ఇది వట్టి యజ్ఞానమని మేము క్షమింపజాలము, ఇది యన్యాయము.

1861లో పారిసు నగరమున బ్రోకా యను వైద్యుడు, 'టాన్' అను ధ్వని దప్ప దాదాపుగా మఱేమియు పలుకలేని రోగి మరణింపగా, వాని మెదడు నెడమభాగమున ముందువైపు గాయమును కనుగొనెను. ఆ రోగి పరుల మాటలను చాలవఱకు గ్రహించుచుండెడివాడు. 1874లో వెర్నికే యను జర్మను వైద్యుడు వేఱొక విధమును వివరించెను. ఇందు మాటలు ధారాళముగ వచ్చును గాని యర్థము కుదురదు; ఇతరుల మాట బోధపడదు. ఇట్టివారినే మనవారు పిచ్చివారని త్రోసివేయుదురు.

దూరదేశపు సంగతులు మనకేల యందురా? హైదరాబాదు నిమ్సు వైద్యశాలలోని 608 మంది పక్షవాత రోగులను గూర్చిన పరిశోధన 2016లో వెలువడినది. అందు బుద్ధిశక్తి చెడక నిలిచినవారు బహుభాషలెఱిగినవారిలో నూటికి 40, ఏకభాష తెలిసినవారిలో నూటికి 20 మాత్రమే. మాట పడుట మాత్ర మిరుతెగలలోను ఇంచుమించు సమానమే. మాటయు బుద్ధియు నొక్కటే యైనచో నీ భేదమెట్లు కలిగెను?

మాట రానివాడొక్కొక్కప్పుడు స్తోత్రమునో వారముల పేర్లనో తడబడక చెప్పును. అది చూచి, "మాట వచ్చియు పలుకడు, ఎంత పెంకితనము!" అని నిందింతురు. కంఠస్థమైనదానిని వల్లించుట వేఱు, క్రొత్త వాక్యమును కూర్చుట వేఱు అని వారెఱుగరు.

"పలుకలేనివాని మనస్సు తెలియుటెట్లు?" అని కొందఱడుగుదురు. ఒక్కరే నెమ్మదిగ చిన్న ప్రశ్న వేయుడు, బొమ్మ చూపుడు, జవాబునకు వేచియుండుడు. అవునన్నది నిజముగ అవునేనా యని ప్రశ్నను త్రిప్పి మఱల నడుగుడు. రోగులందఱి గ్రహణశక్తియు నిలిచియుండునని మేమనుట లేదు. ఏది పోయెనో, ఏది మిగిలెనో పరీక్షించి తెలిసికొనవలయును గాని, ఊహించి తీర్పు చెప్పరాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, మెదడు దెబ్బచే శాశ్వతముగ మాట పోవుటను వైకల్యముగ నంగీకరించి, అట్టివారికి నందఱతో సమానముగ నాస్తిపై హక్కు కలదని చెప్పుచున్నది. ఇట్లుండ రోగి బొటనవ్రేలు పట్టి కాగితముపై నొత్తించు కుమారులను మనము బుద్ధిమంతులందుమా?

మూతి వంకరపోయి మాట తడబడిననాడు పసరులకై తిరుగక, తత్క్షణమే పెద్ద వైద్యశాలకు చేర్పుడు. నెత్తుటిగడ్డ కరగు మందు సాధారణముగ నాలుగున్నర గంటలలోపలనే యీయవలయును. పిమ్మట మాట నేర్పు చికిత్స చేయింపుడు. అన్నిటికంటె ముందు, ఆ మనిషి యెదుట ఆ మనిషిని గూర్చి యతడు లేనట్లు మాటలాడుట నేడే మానుడు.